పాత కంప్యూటర్లలో బిట్‌కాయిన్ వాలెట్లు: పోయేది దొరికాకే

(హైదరాబాద్‌లో కంప్యూటర్ సర్వీసింగ్, డేటా రికవరీ పని చేసేవాళ్ళను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మన షాపులకి ఇప్పుడు వస్తున్న ఒక రకం కేసు గురించి మాట్లాడమన్నారు. "అన్నా, ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఈ సిస్టమ్‌లో బిట్‌కాయిన్ పెట్టుకున్నా. అప్పట్లో దానికి పెద్ద విలువ లేదు, వదిలేశా. ఇప్పుడు తీయగలవా?" అంటూ వస్తారు. ఒకరు దుమ్ము పట్టిన సీపీయూ తెస్తారు, ఇంకొకరు హార్డ్ డిస్క్ ఒక్కటే పేపర్లో చుట్టి తెస్తారు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లో చెప్తుంటే తండ్రి పట్టుకొచ్చిన లాప్‌టాప్‌లు కూడా ఉంటాయి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ బిట్‌కాయిన్ల తాళంచెవులుండే ఫైలుని వాలెట్ అంటారు. అది అటక మీద పదేళ్ళు పడి ఉన్నా చాలాసార్లు దానికి ఏమీ కాదు. వెతకడం మొదలుపెట్టిన మొదటి గంటలోనో, దొరికిన మర్నాడో పోతుంది. పోగొట్టేది తొందర, లేదంటే ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద నమ్మకం. ఈ రెండింటినీ ఆపగలిగిన మనిషి ఎవరంటే, ఆ సమయంలో కస్టమర్ ఎదురుగా కూర్చున్న మనమే. అందుకే ఈ మాటలు మీకే చెప్పాలనుకున్నాను.

మొదట, మనం వెతికేది ఏమిటో స్పష్టంగా ఉండాలి. బిట్‌కాయిన్ అంటే ఏ బ్యాంకూ లేకుండా నెట్‌లో నడిచే డిజిటల్ డబ్బు, దాని నెట్‌వర్క్ 2009 జనవరి 3న మొదలైంది. ఎవరి దగ్గర ఎంత ఉందన్న లెక్క మొత్తం బ్లాక్‌చెయిన్‌లో, అంటే ప్రపంచమంతా పంచుకున్న ఖాతా పుస్తకంలో ఉంటుంది. మన డిస్కులో ఉండేది నాణేలు కావు, తాళంచెవులు. గుడి హుండీ అనుకోండి. ఎక్కడుందో అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా అందులో వేయొచ్చు, తీయాలంటే మాత్రం తాళంచెవి కావాలి. ఆ చెవి 256 బిట్ల ఒక సంఖ్య. అది పోతే కొత్తది చేసిచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. అది ఇంకొకరి చేతిలో పడితే వాళ్ళని "నువ్వెవరు" అని అడిగేవాళ్ళూ లేరు.

2021 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం రాసింది. అప్పటికి చలామణిలో ఉన్న సుమారు కోటీ 85 లక్షల బిట్‌కాయిన్లలో 20 శాతం దాకా పోయినవో, తీయడానికి వీల్లేకుండా ఉండిపోయినవో అయి ఉంటాయని, బ్లాక్‌చెయిన్ లెక్కలు విశ్లేషించే చైనాలిసిస్ సంస్థ అంచనా వేసిందట. అందులో కొంత ఇలాంటి పాత డిస్కుల్లోనే ఉంది.

బ్రిటన్‌లోని వేల్స్‌లో న్యూపోర్ట్ అనే ఊరు ఉంది. జేమ్స్ హోవెల్స్ అనే ఆయన హార్డ్ డిస్క్ 2013లో అక్కడి చెత్త డంపింగ్ యార్డుకి వెళ్ళిపోయింది. అందులో దాదాపు 8,000 బిట్‌కాయిన్ల చెవులున్నాయని ఆయన చెబుతాడు. తవ్వుకోనివ్వమని ఏళ్ళ తరబడి సిటీ కౌన్సిల్ చుట్టూ తిరిగాడు, కోర్టుకి వెళ్ళాడు. 2025 జనవరిలో హైకోర్టు జడ్జి ఆ కేసు గెలిచే అవకాశమే లేదంటూ కొట్టేశారు. కాబట్టి కస్టమర్ "ఈ పాత డిస్క్ పారేయండి" అన్నా సరే, ఒక్కసారి అడగండి: "ఇందులో ఎప్పుడైనా బిట్‌కాయిన్, లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్ లాంటివి పెట్టారా?" అడగడానికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మొదటి సూత్రం: ఆ కంప్యూటర్ ఆన్ చేయొద్దు. కస్టమర్ సరదాగా "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అంటాడు. ఒప్పుకోకండి. ఎందుకంటే ఫైలు డిలీట్ చేసి ఉంటే, మామూలు హార్డ్ డిస్కులో పోయేది దాని చిరునామా మాత్రమే. లోపలి డేటా అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకేదైనా రాసేదాకా. విండోస్ ఆన్ అయిందంటే చాలు, మనం మౌస్ ముట్టుకోకపోయినా అది రాస్తూనే ఉంటుంది. లాగ్ ఫైళ్ళు, పేజ్ ఫైలు, పదేళ్ళ అప్‌డేట్లు ఒక్కసారిగా మొదలవుతాయి. ఆ రాతల్లో ఏదో ఒకటి సరిగ్గా మనక్కావలసిన చోట పడితే ఇక ఎవరూ తీయలేరు. ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డ్రైవ్ అయితే ఇంకా కష్టం. విండోస్ 7 నుంచీ ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఫైలు డిలీట్ కాగానే ఆ గదులు ఖాళీ చేసుకోవచ్చని డ్రైవ్‌కి కబురు వెళ్తుంది, అది లోపల్లోపలే తుడిచేస్తుంది. కాబట్టి ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయినదాని మీద కస్టమర్‌కి ఆశలు పెంచకండి. డిలీట్ కాకుండా ఉన్న ఫైలు సంగతి వేరు.

డిస్క్ విప్పి రైట్ బ్లాకర్, అంటే దాని మీద ఏమీ రాయనివ్వని పరికరం మీద పెట్టండి. అది లేకపోతే లైనక్స్‌లో రీడ్ ఓన్లీగా పెట్టండి. పూర్తి ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి అచ్చు కాపీ తీయండి. దానికి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ మంచిది. బాగున్న భాగాలు ముందు కాపీ చేసుకుంటుంది, చెడిపోయిన సెక్టార్ల దగ్గరికి తర్వాత మెల్లగా వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది, మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదటికి రాదు. డిస్క్ టిక్ టిక్ మని కొడుతుంటే వెంటనే పవర్ తీసేయండి. అది డిస్కుని చదివే హెడ్ సమస్య. దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉన్నవాళ్ళకి పంపాల్సిన కేసు, మన టేబుల్ మీద చేసేది కాదు. ఇమేజ్ తీశాక అసలు డిస్కుని కవర్లో పెట్టి, పేరు రాసి, పక్కన పెట్టేయండి. ఇక పనంతా కాపీ మీదే.

ఎక్కడ వెతకాలి? తొలి రోజుల బిట్‌కాయిన్ ప్రోగ్రామ్‌లో చెవుల ఫైలు పేరు వాలెట్.డ్యాట్. విండోస్ 7, ఆ తర్వాతివైతే యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో బిట్‌కాయిన్. యాప్‌డేటా దాచిపెట్టిన ఫోల్డర్, మామూలుగా కనిపించదు. చాలామంది డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ చూసేసి "ఏమీ లేదు" అనుకోవడానికి కారణం ఇదే. ఎక్స్‌పీలో అయితే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ కింద అప్లికేషన్ డేటాలో ఉంటుంది. మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్‌లో, లైనక్స్‌లో హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే బిట్‌కాయిన్ ఫోల్డర్లో. ఒక మంచి విషయం ఏమిటంటే, ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఈ డేటా ఫోల్డర్ పోదు. "నేనెప్పుడో తీసేశానన్నా" అన్న కస్టమర్‌కి ఈ మాట చెబితే ముఖం వెలిగిపోతుంది.

లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్ కూడా బిట్‌కాయిన్ కోడ్ నుంచే పుట్టాయి కాబట్టి వాటికీ వాలెట్.డ్యాటే, ఫోల్డర్ పేరు మాత్రం వేరు. ఎలక్ట్రమ్ అనే ఇంకో వాలెట్ ప్రోగ్రామ్ 2011 చివర్లో వచ్చింది. దానికి ఎలక్ట్రమ్ ఫోల్డర్లో వాలెట్స్ అనే లోపలి ఫోల్డర్ ఉంటుంది. మల్టీబిట్ అనే ప్రోగ్రామ్ వాడినవాళ్ళవి వాలెట్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి. ఇథీరియం అనే వేరే కాయిన్ అయితే కీస్టోర్ ఫోల్డర్లో యూటీసీ అని మొదలై, తారీకు, టైమ్‌తో సాగే పొడుగాటి పేరున్న చిన్న ఫైళ్ళు. ఇవన్నీ పెన్‌డ్రైవుల్లో, పాత సీడీల్లో, తనకు తాను పంపుకున్న మెయిల్ అటాచ్‌మెంట్లలో, విండోస్ మళ్ళీ వేసినప్పుడు మిగిలిన విండోస్.ఓల్డ్ ఫోల్డర్లో కూడా ఉండొచ్చు. పేరు మార్చి "సెమ్ 6 నోట్స్" అని దాచుకున్నవాళ్ళు కూడా ఉంటారు.

పేరు మారినా, ఫోల్డర్ ఎగిరిపోయినా గుర్తుపట్టే దారి ఉంది. పాత వాలెట్.డ్యాట్ అనేది బర్క్‌లీ డీబీ అనే డేటాబేస్ ఫైలు. ఫైల్లోని బైట్లని ఉన్నదున్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి 12 బైట్ల తర్వాత 62 31 05 00 అని కనిపిస్తుంది. ఆ ముద్ర పట్టుకుని ఇమేజ్ మొత్తం జల్లెడ పట్టొచ్చు. ఈ ముద్ర ఉన్న ప్రతి ఫైలూ వాలెట్ కాదు, వేరే ప్రోగ్రాములు కూడా ఈ డేటాబేస్ వాడాయి. అందుకే ఇంకాస్త కిందికి వెళ్ళండి. కుడివైపు అక్షరాల వరుసలో మామూలుగా అంతా చెత్త గుర్తులే ఉంటాయి. వాటి మధ్య "నేమ్", "పూల్", "కీ" లాంటి చిన్న చిన్న ఇంగ్లిష్ మాటలు తేలుతాయి. అవి కనిపించాయంటే వాలెట్ దొరికినట్టే. అప్పుడు ఎం, కే, ఈ, వై అనే నాలుగక్షరాల కోసం వెతకండి. అది మాస్టర్ కీ రికార్డు. అది ఉంటే వాలెట్‌కి పాస్‌వర్డ్ ఉంది. లేకపోతే దాదాపుగా ఆ ఫైలు తెరిచి ఉన్నట్టే, దాన్ని కాపీ చేసుకున్నవాడిదే సొమ్ము.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. వాలెట్‌కి పాస్‌వర్డ్ పెట్టుకునే సదుపాయం ఆ బిట్‌కాయిన్ ప్రోగ్రామ్ 0.4 వెర్షన్‌తో 2011 సెప్టెంబర్‌లో వచ్చింది. అంతకు ముందువి అన్నీ తాళం లేనివే. ఆ 0.4లో ఒక లోపం కూడా ఉండేది. పాస్‌వర్డ్ పెట్టగానే పాత, తాళం లేని చెవులు ఫైల్లోంచి పూర్తిగా చెరిగిపోయేవి కావు, డేటాబేస్ ఖాళీల్లో మిగిలిపోయేవి. 0.4.1లో సరిచేశారు. అప్పట్లో అది భద్రతా లోపం. ఇప్పుడు పాస్‌వర్డ్ మర్చిపోయిన ఒక 2011 నాటి కస్టమర్‌కి అదే దారి కావచ్చు. అందుకే ఏ సంవత్సరం, ఏ వెర్షన్ అని తప్పకుండా అడగాలి.

ఇంకొక సంగతి, ఒకటి కంటే ఎక్కువ వాలెట్ ఫైళ్ళు దొరికితే ఏదీ వదలకండి. పాత ప్రోగ్రామ్ వంద చెవులు ముందే తయారుచేసి పెట్టుకునేది. 50 బిట్‌కాయిన్లున్న చోటి నుంచి 5 పంపితే, మిగిలిన 45 తిరిగి అదే అడ్రస్‌కి (ఒక్కో చెవికీ ఉండే ఖాతా నంబరు లాంటిది) రావు, ఆ వందలోని కొత్త అడ్రస్‌కి వెళ్తాయి. లావాదేవీలు ఎక్కువై ఆ వంద అయిపోతే మళ్ళీ కొత్తవి పుడతాయి. అవి పాత బ్యాకప్‌లో ఉండవు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ తెరిచి, బ్యాలెన్స్ సున్నా చూసి, ఏడుస్తూ ఆ పెద్ద డిస్కుని పారేసే ప్రమాదం ఇక్కడే ఉంది. సీడ్ అనే ఒకే విత్తు నుంచి చెవులన్నీ పుట్టే పద్ధతి ఈ ప్రోగ్రామ్‌లోకి 0.13తో 2016లో వచ్చింది. అంతకు ముందువాటికి అన్ని కాపీలూ కావాలి.

దొరికిన ఫైలుని వెంటనే నెట్‌లో ఉన్న కంప్యూటర్‌లో తెరవకండి. ఆ పాత బిట్‌కాయిన్ ప్రోగ్రామ్‌కి ఇప్పటి రూపమైన బిట్‌కాయిన్ కోర్ వేసి మొత్తం బ్లాక్‌చెయిన్ దించుకోవడం మొదలుపెడతారు కొందరు. అది 600 జీబీ దాటిపోయింది, అప్పుడే దాని అవసరం లేదు. నెట్ లేని మెషీన్‌లో ఫైలు కాపీ తెరిచి అడ్రస్‌లు రాసుకోండి. ఆ రోజుల్లోవి ఎక్కువగా 1 అనే అంకెతో మొదలవుతాయి. ఆ అడ్రస్‌లని ఏ బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బ్లాక్‌చెయిన్ లెక్క చూపించే వెబ్‌సైట్) చూసినా బ్యాలెన్స్ తెలుస్తుంది. అడ్రస్ బయటపెడితే డబ్బు పోదు. చెవి బయటపెడితే పోతుంది. ఈ తేడా కస్టమర్‌కి రెండుసార్లు చెప్పండి. ఇటీవలి కోర్ 30 వెర్షన్ ఈ పాత రకం ఫైలుని నేరుగా తెరవదు, కొత్త రకంలోకి మార్చుకోవాలి. మార్చేది కాపీనే, అసలుని కాదు. బ్యాలెన్స్ 2017 ఆగస్టు 1కి ముందు నుంచీ కదలకుండా ఉంటే అదే చెవులకి, ఆ రోజు బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ కూడా ఉంటుంది, అది రెండో విడతలో చూసుకోవచ్చు.

ఇక పాస్‌వర్డ్. ఇక్కడే అసలైన ఓపిక కావాలి. ఈ ఫైళ్ళలో పాస్‌వర్డ్‌ని వేల సార్లు తిప్పి తిప్పి చెవిగా మార్చే పద్ధతి ఉంది కాబట్టి గుడ్డిగా అన్నీ ప్రయత్నించడం కుదరదు. బీటీసీ రికవర్, హ్యాష్‌క్యాట్ లాంటి పాస్‌వర్డ్ వెతికే ప్రోగ్రాములు పనిచేయాలంటే మనిషి గుర్తులు కావాలి. కస్టమర్‌ని కూర్చోబెట్టి, టీ తాగించి, ఆ రోజుల్లోకి తీసుకెళ్ళండి. ఏ హాస్టల్, ఏ హాల్‌టికెట్ నంబరు, అమ్మ పేరు, ఇష్టదైవం, మొదటి బైక్. బైక్ నంబరు అడిగితే ఇప్పటి నంబరు చెప్తారు. 2014 జూన్‌కి ముందు తెలంగాణ బండ్లకు కూడా ఏపీ అనే ఉండేది, ఖైరతాబాద్ రిజిస్ట్రేషన్‌కి ఏపీ 09. మన పేర్ల స్పెల్లింగులు ఇంకో చిక్కు. లక్ష్మిని ఎక్స్‌తో రాస్తారు, కేఎస్‌హెచ్‌తో రాస్తారు. శ్రీకి ఐ పెడతారు, రెండు ఈలు పెడతారు, మధ్యలో హెచ్ దూరుస్తారు. విదేశాల్లో తయారైన పాస్‌వర్డ్ జాబితాల్లో ఈ రకాలన్నీ ఉండవు. ఇది మనం చేయగలిగిన, మనమే బాగా చేయగలిగిన పని.

మనిషి జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పే ఒక కేసుంది. 2024 మేలో బయటికొచ్చింది. యూరప్‌లో ఒకాయన 43.6 బిట్‌కాయిన్ల పాస్‌వర్డ్ పోగొట్టుకున్నాడు. 2013లో రోబోఫామ్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌తో 20 అక్షరాలది తయారుచేసి, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్లో దాచాడు, ఆ ఫైలు చెడిపోయింది. హార్డ్‌వేర్ హ్యాకర్ జో గ్రాండ్, ఆయన స్నేహితుడు బ్రూనో రంగంలోకి దిగారు. పాత రోబోఫామ్‌లో ఒక బలహీనత ఉంది, అది ఇచ్చే పాస్‌వర్డ్ కంప్యూటర్ గడియారం మీద ఆధారపడేది. తారీకు, టైమ్ తెలిస్తే అదే పాస్‌వర్డ్ మళ్ళీ పుడుతుంది. మరి ఏ తారీకు? ఆయనకి గుర్తులేదు. వాలెట్‌లోకి మొదటి కాయిన్లు వచ్చిన తేదీ చుట్టుపక్కల వెతికారు, దొరకలేదు. వెతికే తేదీల పరిధి పెంచారు, అయినా లేదు. ఆయన తన పాస్‌వర్డ్‌లో ప్రత్యేక గుర్తులు ఉండేవనుకున్నాడు. అదే సమయంలో ఆయన చేసిన వేరే పాస్‌వర్డ్లు చూస్తే కొన్నింట్లో ఆ గుర్తులు లేవు. గుర్తులు తీసేసి వెతికితే దొరికింది: 2013 మే 15, గ్రీన్‌విచ్ సమయం సాయంత్రం 4 గంటల 10 నిమిషాల 40 సెకన్లు. కస్టమర్ "కచ్చితంగా ఇలాగే పెట్టాను" అన్నా, ఆ కచ్చితాన్ని పక్కన పెట్టి రెండో దారి కూడా చూడాలని నాకు నేర్పిన కేసు ఇది. ఆయన ఇతర పాస్‌వర్డ్లు, పాత డైరీలు, మెయిల్ తేదీలు ఆయన మాట కంటే నమ్మకమైన సాక్ష్యం.

దీనికి వ్యతిరేకమైన పరిస్థితి స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్‌ది. 7,002 బిట్‌కాయిన్ల చెవులు ఐరన్‌కీ అనే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. పదిసార్లు తప్పు కొడితే అది శాశ్వతంగా మూసుకుంటుంది. ఎనిమిది అయిపోయాయని 2021లో ఆ న్యూయార్క్ టైమ్స్ కథనంలోనే వచ్చింది. వాలెట్.డ్యాట్‌కి అలాంటి లెక్క లేదు, ఎన్నిసార్లయినా ప్రయత్నించొచ్చు. కానీ ఫోన్లు, హార్డ్‌వేర్ వాలెట్లు (చెవులు దాచే చిన్న పరికరాలు), ఎన్‌క్రిప్టెడ్ పెన్‌డ్రైవులు వచ్చినప్పుడు ముందు ఆ లెక్క ఉందేమో తెలుసుకోకుండా ఒక్క అక్షరం కూడా కొట్టకండి.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం. ఫైలు దొరుకుతుంది, పాస్‌వర్డ్ గుర్తుండదు, కస్టమర్ రాత్రంతా యూట్యూబ్‌లో వెతుకుతాడు. తెల్లారేసరికి టెలిగ్రామ్‌లో ఎవడో పరిచయమవుతాడు. "ఫైలు పంపండి సార్, గంటలో తీసిస్తాం, ముందు కొంచెం ఫీజు కట్టండి" అంటాడు. ఫీజు పోతుంది, ఫైలు పోతుంది, తర్వాత ట్యాక్స్ కట్టాలంటూ ఇంకొంత పోతుంది. 2018 డిసెంబర్‌లో ఎలక్ట్రమ్ వాడేవాళ్ళకి ప్రోగ్రామ్‌లోనే "అప్‌డేట్ చేసుకోండి" అని దొంగ సందేశం వచ్చింది. పాత వెర్షన్ తెరిచి ఆ లింక్ నొక్కినవాళ్ళ వాలెట్లు ఖాళీ అయ్యాయి. ఏళ్ళ తర్వాత పాత లాప్‌టాప్ తెరిచేవాడి దగ్గర ఉండేది సరిగ్గా ఆ పాత వెర్షనే. కొత్తది అధికారిక సైట్ నుంచి దించి, దాని డిజిటల్ సంతకం సరిచూసి, శుభ్రమైన మెషీన్‌లో వేసుకోవాలి. చెవులన్నిటికీ మూలమైన 12 మాటల సీడ్‌ని ఏ వెబ్‌సైట్‌లోనూ, ఎవరు అడిగినా, కొట్టకూడదు. మోసం జరిగిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

మన వైపు నుంచి కూడా ఒక శుభ్రత ఉండాలి. కస్టమర్ డిస్క్ ఇమేజ్ మన సర్వర్లో ఉందంటే, తాళం లేని వాలెట్ ఉన్న పక్షంలో, ఆయన ఆస్తి మొత్తం మన దగ్గర ఉన్నట్టే. మన దగ్గర పనిచేసే కుర్రాడు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడానికి క్షణం పట్టదు. అందుకే ఇలాంటి కేసుకి నెట్ లేని ప్రత్యేకమైన మెషీన్ ఉంచండి. తెరిచేటప్పుడు కస్టమర్‌ని పక్కన కూర్చోబెట్టండి. మన ఫీజు ఎంత, ఎంత శాతం, దొరక్కపోతే ఎంత అనేది ముందే కాగితం మీద రాసి సంతకాలు చేయించండి. డబ్బు ఆయన కొత్త వాలెట్‌కి చేరాక, ఆయన ఎదురుగానే మన ఇమేజ్ తుడిచేయండి. ఆ చేర్చడం కూడా ముందు చిన్న మొత్తం పంపి, అది వచ్చిందని చూశాక మిగతాది.

ట్యాక్స్ గురించి నన్ను అడక్కండి, ఆడిటర్‌ని అడగమనండి. ఒక్కటి మాత్రం చెప్పండి. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి వీటి అమ్మకం లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్, కొన్న ధర తప్ప వేరే ఖర్చు ఏదీ తీసివేయనివ్వరు. కాబట్టి కొన్నప్పటి మెయిల్, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఆ డిస్కులో కనిపిస్తే అవి కూడా తీసి ఇవ్వండి.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(వెనుక వరుస నుంచి: డిస్క్ ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసేశారు సార్. ఆశ ఉంటుందా?)

హార్డ్ డిస్కు, క్విక్ ఫార్మాట్ అయితే ఉంటుంది బాబూ. కొత్త విండోస్ ఎంత చోటు ఆక్రమించింది, దాని తర్వాత ఎన్నేళ్ళు వాడారు అన్నదాన్ని బట్టి. ఫైలు ముక్కలైపోయినా చెవి ఒక్కొక్కటీ చిన్నదే కాబట్టి డిస్క్ మొత్తం గాలించి విడివిడిగా చెవులని పట్టుకునే పద్ధతి పైవాలెట్ లాంటి టూల్స్‌లో ఉంది. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ చేస్తే సున్నాలు రాస్తుంది. అదైతే చేయగలిగిందేమీ లేదు, ఆ మాట కస్టమర్‌కి మొదటి రోజే చెప్పేయాలి.

(ముందు వరుస నుంచి ఒక మహిళ: మా తమ్ముడు పోయాడండీ. వాడి లాప్‌టాప్ ఉంది. వాడు ఇలాంటివి కొన్నాడని ఫ్రెండ్స్ అంటున్నారు. మేము తెరిపించొచ్చా?)

తప్పకుండా తెరిపించొచ్చమ్మా. వారసులెవరో తెలిసేలా తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. మీ మరదలు ఉంటే ఆమె, అమ్మగారు, అందరూ ఒప్పుకున్నట్టు ఒక కాగితం రాసుకోండి, రేపు ఇంట్లో మాటలు రాకుండా ఉంటుంది. లాప్‌టాప్‌తో పాటు ఆయన పుస్తకాలు, డైరీలు, పర్సులో కాగితాలు, పాత ఫోన్లు, పెన్‌డ్రైవులు అన్నీ ఒక పెట్టెలో పెట్టండి, చిన్న చీటీ కూడా పారేయొద్దు. 12 లేక 24 ఇంగ్లిష్ మాటలు వరుసగా రాసి ఉన్న కాగితం కనిపిస్తే ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. ఆయన సిమ్ నంబరు రీచార్జ్ చేయిస్తూ ఉండండి, కాయిన్లు కొని అమ్మే ఎక్స్‌ఛేంజ్‌లో ఖాతా ఉంటే దానికి ఆ నంబరుతో పని పడుతుంది. లాప్‌టాప్‌ని మాత్రం ఇంట్లో పిల్లల చదువుకి ఇవ్వకండి, ఛార్జింగ్ కూడా పెట్టొద్దు. అలాగే తీసుకురండి, మీరు చూస్తుండగానే కాపీ తీద్దాం.